మేక, ఆవు, ఒక కోలా పిల్ల

ల్యాబ్‌లో పరీక్షకు పెట్టిన పొర మొత్తం నల్లగా వచ్చింది. ఒక్క గీత కోసం చూస్తుంటే ఈ చివర నుంచి ఆ చివర దాకా బొగ్గు పూసినట్టు నలుపే. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఏం చేశావే తల్లీ!" అని అరిచాను.

"ఎప్పుడూ చేసినట్టే చేశానండీ," అంది నా విద్యార్థిని టామ్సిన్, ఏడుపు గొంతుతో.

ఆ పొర మీద ఉన్నది మా అక్క థెల్మా పెంచిన కోలా పిల్ల కాలేయం నుంచి తీసిన సారం. తల్లి కారు కింద పడి చస్తే, ఆ పిల్లను అక్క స్వెట్టర్‌లో చుట్టుకుని సీసాపాలతో సాకింది. మొదటిసారి యూకలిప్టస్ ఆకు తినిపించిన మర్నాడే అది చచ్చిపోయింది. ఆ ఆకులో విషం ఉంటుంది. పెద్ద కోలాల కాలేయంలో దాన్ని విరిచే ఎంజైమ్ ఉంటుంది. పిల్లకు అది రాకముందే తొందరపడి పెట్టి చంపేశానని అక్క కుమిలిపోతోంది. అడిలైడ్ కొండల్లో తల్లి పోయిన కోలా పిల్లలకు ఆవిడే పెద్ద దిక్కు. అలాంటిది, ఇక ఒక్కదాన్ని కూడా ముట్టనని కూర్చుంది. పిల్లలో ఆ ఎంజైమ్ ఉందో లేదో తేల్చాలి; ఉంటే పొర మీద ఒక గీత పడుతుంది. దొరికిన కాస్త కాలేయమూ ఈ పొరకే అయిపోయింది.

ఎంజైమ్‌ను వెతికి పట్టుకునే యాంటీబాడీ ఎక్కడపడితే అక్కడ అంటుకోకుండా ముందు పొరను పాలపొడి కలిపిన నీళ్ళలో నానబెడతాం. మా ల్యాబ్‌లో అది పాత అలవాటు. ఇన్నాళ్ళూ కుందేలు నుంచి తీసిన యాంటీబాడీలు వాడాం, ఏ ఇబ్బందీ రాలేదు. కోలా ఎంజైమ్‌ను పట్టే ఈ కొత్తది మాత్రం మేక నుంచి తీసింది.

టామ్సిన్ ఉన్నట్టుండి నెత్తి కొట్టుకుంది. "అయ్యో నా మొహం! ఇది మేకది! పాలేమో ఆవువి!"

మేక యాంటీబాడీ ఎక్కడ కూర్చుందో చూపించడానికి పైన ఇంకో యాంటీబాడీ పోస్తాం, అది పట్టుకున్న చోటల్లా నల్లబడుతుంది. దానికి మేకకూ ఆవుకూ తేడా తెలియదు, దగ్గరి చుట్టాలు కదా! పొరంతా పరుచుకున్న పాలలోని ఆవు యాంటీబాడీలన్నిటినీ పట్టేసుకుంది.

"కడిగేసి మళ్ళీ చేద్దాం," అన్నాను.

"కడిగితే కాలేయం కూడా కొట్టుకుపోతుందేమో!"

"పోతే పోనీ. ఈ మసిగుడ్డ చూపించి మా అక్కకేం చెప్తావు? కానీయ్!"

అంటుకున్నవన్నీ ఊడేలా కడిగాం. ఈసారి పాలు కాదు, చేపతోలు జెలటిన్. తర్వాత మేకది, దాని మీద రెండోది. పొరను ఫొటో తీసే యంత్రం ముందు ఇద్దరం కూర్చున్నాం. పోల్చడానికి పెట్టిన పెద్ద కోలా వరుసలో గీత వచ్చింది. పక్కన పిల్ల వరుస ఖాళీ.

"ఆగండి ఐలా, ఆగండి!" టామ్సిన్ నా చెయ్యి గట్టిగా గిచ్చింది.

సన్నగా మొదలై చిక్కబడింది. గీత! పెద్దదానికి ఏమాత్రం తీసిపోలేదు. "వచ్చిందే, వచ్చిందే!" అంటూ ఈ ముసలి మోకాళ్ళతోనే గంతులేసి ఫోన్ అందుకున్నాను.

"అక్కా, ఆకు చంపలేదు! దాని కాలేయంలో విషం విరిచేది నిండుగా ఉంది. ఎందుకు పోయిందో తెలీదు గానీ, నువ్వు పెట్టిన ఆకు వల్ల మాత్రం కాదు!"

అవతల ముక్కు చీదుకున్న చప్పుడు.

"ఐలా, ఫోన్ పెట్టెయ్."

"ఏమైంది అక్కా?"

"పొద్దున కోలా ఆస్పత్రివాళ్ళు ఇంకో పిల్లను తీసుకోమంటే పొమ్మన్నాను. ఇంకెవరికైనా ఇచ్చేస్తారే! పెట్టెయ్ ముందు!"