గడ్డి కదలాలంటే

"ఇంకా బాగానే పనిచేస్తుందోయ్, నువ్వు వాడుకో" అంటూ మా ఆయన తన పాత ఫోను తెచ్చి, నేను తోముతున్న గిన్నెల పక్కన పెట్టి వెళ్ళాడు. కొత్త ఫోను ఆయన చేతిలో తళతళలాడుతోంది. నా రెండు చేతులూ నురగలో ఉన్నాయి కాబట్టి తల ఊపాను. చేతులు ఖాళీగా ఉన్నా తలే ఊపేదాన్ని. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆ మాటకి నాకు తెలిసిన జవాబు అదొక్కటే.

మా ఇంట్లో వస్తువులకి రెండు జన్మలుంటాయి. మొదటి జన్మ మా ఆయన దగ్గర, రెండో జన్మ నా దగ్గర. ఆయన చెడ్డవాడనుకునేరు, కాదు. ఎవరితోనైనా నవ్వుతూ మాట్లాడతాడు, నా పుట్టినరోజు గుర్తుంచుకుంటాడు. ఓసారి నా జీతంతో స్కూటర్ కొన్నాను. రంగు కూడా నేనే ఎంచుకున్నాను. వారం తిరక్కుండానే "నాకు ఆఫీసు దూరం కదోయ్, దారిలో ఆగిపోతే కష్టం. నీ క్లినిక్ పక్క వీధే. నా బండి ఇంకా బాగానే నడుస్తుంది" అన్నాడు. ఆ బాగా నడిచే బండిని నేను చాలాసార్లు నెట్టుకుంటూ క్లినిక్‌కి వెళ్ళాను. క్లినిక్ అంటే పళ్ళ డాక్టరుగారిది. ముందు గదిలో కూర్చుని పేర్లు రాసుకోవడం, ఫోన్లెత్తడం, ఏడ్చే పిల్లల్ని ఊరుకోబెట్టడం నా ఉద్యోగం. అక్కడా అదే వరస. డాక్టరుగారికి కొత్త కుర్చీ వస్తే ఆయన పాత కుర్చీ నాకొచ్చింది. "ఇంకా బాగానే ఉందమ్మా, కొంచెం ఎడమ పక్కకి ఒరుగుతుందంతే" అన్నారాయన. అప్పటినుంచీ నేను ఈ ప్రపంచాన్ని కొంచెం ఎడమ పక్కకి ఒరిగే చూస్తున్నాను.

అలా రెండో జన్మెత్తిన ఫోన్లోనే, ఒక సాయంత్రం కూరలు తరుగుతూ, ఎవరో ఆడుతున్న ఆట వీడియో చూశాను. ఒక మనిషి గుర్రమెక్కి పోతుంటాడు. చుట్టూ కనుచూపుమేరా నడుంలోతు గడ్డి. గాలికి గడ్డంతా ఒక పక్కకి వాలుతుంది, గుర్రం దాన్ని చీల్చుకుంటూ పోతుంది. కాసేపు యుద్ధాలూ అవీ ఉన్నాయనుకోండి, వాటి సంగతి నాకెందుకు. నాకు నచ్చింది ఒకటే. ఆ మనిషిని 'ఎక్కడికి?' అని అడిగే నాథుడు లేడు. 'ఎప్పుడొస్తావు?' అని లేదు, 'వచ్చేటప్పుడు పాలు పట్రా' అని లేదు. మంచి చోటుకి వచ్చేసరికి ఫోను ఆగిపోయింది. గుర్రం గాల్లో, గడ్డి వాలుగా, అన్నీ బిగుసుకుపోయి నిలబడ్డాయి. పొయ్యి మీద కూర మాడింది. అప్పుడనుకున్నాను, ఆరు నూరైనా ఆ గుర్రం నేనెక్కాలి, గడ్డి కదలడం నా కళ్ళతో చూడాలి అని.

గడ్డి కదలాలంటే మంచి కంప్యూటరు, అందులో బొమ్మల్ని నడిపించే గ్రాఫిక్స్ కార్డు కావాలట. ఆదివారాలు కూడా క్లినిక్‌కి వెళ్ళినందుకు వచ్చిన డబ్బు విడిగా దాచుకున్నాను. దాంతో విడిభాగాలు కొని నేనే బిగించుకుంటే సరిపోతుందని లెక్క తేలింది. క్లినిక్‌లో రోగులు లేనప్పుడు చదవడం మొదలుపెట్టాను. చదివినచోటల్లా భయపెట్టారు గానీ, తీరా చూస్తే ఇదంతా నాకు తెలిసిన విద్యే. ఉన్నదాంతో అందరికీ సర్దడం. ప్రాసెసర్‌కి ఎక్కువ పెడితే కార్డుకి తగ్గుతుంది, కార్డుకి పెడితే మెమరీకి చాలదు. ఒక భాగం నీరసంగా ఉంటే మిగతావి ఎంత చురుకైనవైనా దానికోసం కాచుక్కూర్చోవాలి. పొద్దున్నే నాకు జ్వరమొస్తే మా ఇంట్లో అందరూ కూర్చున్నట్టు. అన్ని భాగాలూ వచ్చి గుచ్చుకునే పలకని మదర్‌బోర్డు అంటారని చదివినప్పుడు మాత్రం పైకే నవ్వేశాను. ఆ పేరు పెట్టినవాడెవడో ఏదో ఇంటిని బాగా చూసే పెట్టాడు.

సంగతి ఇంట్లో చెప్పాను. మా ఆయన "ఆటలకా? ఎవరికి?" అన్నాడు. నాకే అన్నాను. సరదాకి అంటున్నానేమో అనుకుని నవ్వి, తర్వాత "మంచిదేలే, ఇంట్లో అందరికీ పనికొస్తుంది" అన్నాడు. స్కూటర్ కొన్నప్పుడు కూడా మొదట వినపడింది ఈ 'అందరికీ'నే.

మా అత్తయ్య "ఈ వయసులో ఆటలేమిటే అమ్మాయ్" అని ముక్కున వేలేసుకుంది. మా మరిది కంప్యూటర్లు తెలిసినవాడని మా ఇంట్లో పేరు. ఓసారి ప్రింటర్‌లో ఇరుక్కున్న కాయితం లాగాడు, అప్పట్నుంచీ ఆ పేరు అలా ఉండిపోయింది. నేను రాసుకున్న భాగాలన్నీ చూసి పెదవి విరిచాడు.

"పవర్ సప్లైకి ఇంత దండగెందుకు వదినా? అది లోపలెక్కడో పడుంటుంది, ఎవరికీ కనపడదు. ఏదో ఒకటి వేసేయ్. మిగిలిన డబ్బుతో పై డబ్బా, అదే క్యాబినెట్, అద్దాలది తీసుకో, రంగురంగుల లైట్లొస్తాయి."

"పైన పటారం, లోన లొటారమా?" అంది అత్తయ్య, నేను నోరు తెరిచేలోపే. ఆవిడకి ఆటలు నచ్చకపోవచ్చు గానీ సామెత దొరికితే వదలదు.

కనపడనిదానికి ఖర్చెందుకన్న మాట నాకు కొత్త కాదు. మా ఇంట్లో హాల్లో గోడలకి రెండుసార్లు రంగులు మారాయి. వంటింట్లో పొగ లాగే ఫ్యాను మాత్రం ఇంకా రావాలి. చుట్టాలు వంటింట్లోకి రారుగా. పవర్ సప్లై కూడా అంతే, లోపలుండి అందరికీ కరెంటు పంచే భాగం. అది నాసిరకమైతే ఒకరోజు తను పోతూ పక్కవాటిని కూడా తీసుకుపోతుంది. "క్యాబినెట్ రేకుదే చాలు. పవర్ సప్లై మాత్రం మంచిది, కొత్తది" అన్నాను. నా గొంతు అంత గట్టిగా వచ్చినందుకు నాకే ఆశ్చర్యమేసింది.

కంప్యూటర్ల కొట్లో ఉన్నది కుర్రాడు కాదు, నా ఈడు మనిషే. అతను అడిగాడు. "మీ బాబు ఏ ఆటలాడతాడు మేడమ్?"

"మాకు బాబు లేడండి. అమ్మాయే, ఉద్యోగానికని వేరే ఊళ్ళో ఉంటుంది."

"అయితే సారుకన్నమాట."

"సారుకి ఆటలు రావండి."

అతను ఇంకా ఎవరున్నారా అని నా వెనక్కి చూశాడు. ఎవరూ లేరు. అప్పుడు నా వంక చూసి, కుర్చీ జరిపి, "మీరు ఏం ఆడతారు?" అన్నాడు. గడ్డి గురించి చెప్పాను. అతను నవ్వలేదు. గడ్డికైతే ఈ కార్డు కావాలని చూపించాడు. ధర చూసి నీరుగారిపోయాను. అదే కార్డు, ఒకరు వాడి అమ్మేసింది, సగం ధరకి ఉందన్నాడు.

పాతది. ఆ మాట వినగానే లేచి వచ్చేద్దామనిపించింది. ఇన్నాళ్ళూ పాతవి మోసి మోసి, చివరికి నా డబ్బు పెట్టి నేనే ఇంకో పాతది కొనుక్కోవాలా? మనసు ఒప్పుకోలేదు. కానీ కూర్చున్నాను. దాన్ని నా ఎదురుగా పెట్టి ఆడించమన్నాను. ఫ్యాను చప్పుడు విన్నాను, చెయ్యి పెట్టి వేడి చూశాను, తెర మీద బొమ్మ ఎక్కడైనా తడబడుతుందేమోనని కళ్ళార్పకుండా చూశాను. వారంలో తేడా వస్తే వెనక్కి తీసుకుంటానని అతనిచేత మాట ఇప్పించుకున్నాను. అప్పుడు కొన్నాను. దారిలో ఆ పెట్టె ఒళ్ళో పెట్టుకుని బస్సులో కూర్చున్నప్పుడు తెలిసింది నాకు తేడా. పాతదాన్ని నేను చూసి, బేరమాడి ఎంచుకోవడం వేరు. గిన్నెల పక్కన పెట్టి పోవడం వేరు. కిటికీ దగ్గర గాలి తగులుతుంటే చాలా హాయిగా అనిపించింది.

పడగ్గది మూలలో ఇస్త్రీ బల్ల ఉండేది. దాన్ని మడిచి అటక మీద పెట్టి, అక్కడ మేజా వేశాను.

"మరి నా చొక్కాలు?" అన్నాడు మా ఆయన.

"వీధి చివర ఇస్త్రీ చేసేవాళ్ళున్నారు కదండీ."



ఆదివారం మధ్యాహ్నం అన్నీ పరుచుకుని బిగించాను. అత్తయ్య మంచం మీద కూర్చుని, ఏ స్క్రూ ఎక్కడ పోతుందోనని స్క్రూల డబ్బీ తను పట్టుకుంది. మరిది నడుం మీద చేతులేసుకుని నిలబడ్డాడు. ప్రాసెసర్‌ని దాని చోట్లో కూర్చోబెట్టి మీట నొక్కేటప్పుడు కరకరమని చప్పుడైతే ప్రాణం పోయినంత పనయింది. అది మామూలేనట. అంతా అయ్యాక బటన్ నొక్కాను. ఏమీ లేదు. మళ్ళీ నొక్కాను. చడీచప్పుడూ లేదు.

"చెప్పానా వదినా, ఇవి ఆడవాళ్ళు చేసే పనులు కావు. తెలిసినవాళ్ళని పిలవాలి" అని మరిది అప్పుడే ఫోను తీశాడు.

కళ్ళు మూసుకుని మొదట్నుంచీ ఒక్కొక్కటీ గుర్తు చేసుకున్నాను. తర్వాత వెనక్కి వంగి చూశాను. ఏరికోరి తెచ్చుకున్న ఆ పవర్ సప్లైకి వెనకాల చిన్న స్విచ్ ఉంటుంది, దాన్ని వెయ్యనే లేదు. వేశాను. మళ్ళీ బటన్ నొక్కాను. ఫ్యాన్లన్నీ ఒక్కసారిగా తిరిగాయి. అత్తయ్య స్క్రూల డబ్బీ ఊపుతూ చప్పట్లు కొట్టినంత సందడి చేసింది. మరిదికి అర్జంటుగా ఏదో పని గుర్తొచ్చింది.

ఆట నెట్‌లోంచి కంప్యూటర్లోకి దిగడానికి మర్నాడు సాయంత్రం దాకా పట్టింది. క్లినిక్ నుంచి రాగానే చెప్పులు కూడా విప్పకుండా వెళ్ళి కూర్చున్నాను. గుర్రమెక్కాను. ముందు రెండుసార్లు కింద పడ్డాను, ఒకసారి చెరువులో దిగబడ్డాను. తర్వాత కొండ దిగేసరికి ఎదురుగా గడ్డి. గాలికి అంతా ఒక పక్కకి వాలింది, మళ్ళీ లేచింది. ఎక్కడా ఆగలేదు. నాకు ఏడుపొచ్చింది.

"ఏమైందే? గుర్రం పడిందా?" అని అత్తయ్య కంగారుగా వచ్చింది.

"లేదత్తయ్యా. గడ్డి కదుల్తోంది."

ఆవిడ మంచం అంచున కూర్చుని కళ్ళజోడు సర్దుకుంది. "ఎక్కడికి పోతోందే?" అంది.

"ఎక్కడికీ కాదు."

"హాయిగా ఉంది" అంది. ఇంకాసేపయ్యాక, "తొక్కుడుబిళ్ళలో నన్ను గెలిచినవాళ్ళు మా వీధిలో లేరు తెలుసా? పెళ్ళయ్యాక ఒక్కసారి ఆడలేదు" అంది. నేను చెయ్యి చాపి ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. ఆవిడ విడిపించుకుని "నన్ను కాదు, పగ్గం పట్టుకో. ఆ చెట్ల వెనకేముందో చూద్దాం" అంది.

అప్పుడే మా ఆయన వచ్చాడు. సంచీ భుజాన ఉండగానే నా వెనక నిలబడి తెర వంక చూశాడు. తెల్లబోయాడు. నిజంగానే మెచ్చుకున్నాడు, అబద్ధమెందుకు. కార్డు పేరడిగాడు, తెర అంచు వేలితో నిమిరాడు. ఆ నిమరడం నాకు తెలుసు. కొత్త స్కూటర్ సీటుని కూడా అలాగే నిమిరాడు.

"భలే చేశావోయ్. నేనేమనుకుంటున్నానంటే, ఇది నా టేబుల్ మీద పెడితే ఆఫీసు పని చకచకా అయిపోతుంది. నీ ఆటలకేం, నా లాప్‌టాప్ ఉందిగా, అది..."

ఈసారి నేను తల ఊపలేదు. వెనక్కి తిరిగి చూడను కూడా లేదు, గుర్రం చెట్ల మధ్యలో ఉంది.

"వద్దండీ, మీరే వాడుకోండి. అది ఇంకా బాగానే పనిచేస్తుంది."