అడుగు పొర

మరలు ఊడదీస్తూ కూర్చుంటే కోపం తగ్గుతుందని ఎవరన్నారో గాని, వాళ్ళకి తోడికోడలు ఉండి ఉండదు. శనివారం మధ్యాహ్నం వంటింటి బల్ల మీద పాత దుప్పటి పరిచి, స్టీమ్ క్లీనర్‌ని బోర్లా పడుకోబెట్టి, చిన్నకోడలు ఒక్కో మరనూ తిప్పుతుంటే అవి వదులయ్యాయి గాని ఆమె దవడలు వదులవలేదు.

ఆ మెషిన్ ఆమెదే. మూడు నెలల కిందట పెద్దకోడలు అడిగి పట్టుకెళ్ళి రెండు నెలలు వాడుకుంది. ఆఖరికి ఒకరోజు చుట్టాలంతా తన ఇంటికి భోజనానికి వచ్చి కూర్చున్నాక, అత్తగారి తెల్ల సోఫా మీద ఏదో మరక పడితే తుడుద్దామని మీట నొక్కింది. ఆవిరికి బదులు గోధుమరంగు నీళ్ళు ఫెళ్ళున చిమ్మాయి. సోఫా గుడ్డ మీద అరచేయంత మచ్చ పడింది. మెషిన్ ఒకసారి గుర్రుమని మూగబోయింది.

"చెడిపోయినదాన్ని నాకు అంటగట్టింది" అంది పెద్దకోడలు అందరి ముందూ.

అంతవరకైతే చిన్నకోడలు ఎలాగో దిగమింగేది. కాని అత్తగారు ఊరుకుందా? "రోజంతా ఆసుపత్రిలో కత్తులూ కత్తెరలూ కడిగే మనిషివి. ఇంట్లో వస్తువు ఇలాగేనా ఉంచుకునేది? అక్కడ కత్తులు కూడా ఇలాగే కడుగుతున్నావా?" అంది. ఎవరో కిసుక్కున నవ్వారు.

ఆ నవ్వు చిన్నకోడలికి చెవిలో జోరీగ అయి కూర్చుంది. పరికరాల్ని ఆవిరిపెట్టి శుద్ధిచేసే గదిలో ఆమెది పంతొమ్మిదేళ్ళ ఉద్యోగం. ఆమె చేతి మీదుగా పోయిన ట్రే ఒక్కటంటే ఒక్కటి వెనక్కి రాలేదు. ఆమెకి అందం గురించి బెంగ లేదు, వంట గురించి గొప్పలు లేవు. ఉన్నదల్లా ఆ పేరొక్కటే. దాన్ని పదిమందిలో సోఫా మచ్చతో తుడిచేశారు.

ఊరికే కూర్చోలేదు ఆమె కూడా. నెల రోజులుగా, ఫోను ఎత్తిన ప్రతి చుట్టానికీ పెద్దకోడలి బోరునీళ్ళ భాగోతం వినిపించింది. "డిస్టిల్డ్ వాటర్ తప్ప పోయొద్దని చిలక్కి చెప్పినట్టు చెప్పాను. వింటేగా!" అని. నోటిమాట సరిపోలేదు. సాక్ష్యం కావాలి. రేపు ఆదివారం, అందరూ ఈ ఇంటికే భోజనానికి వస్తున్నారు. మెషిన్ విప్పి, లోపల పట్టిన సున్నాన్ని గాజు గిన్నెలో వేసి, పెద్దకోడలి ముక్కు కింద పెట్టాలి. ఆ ముఖం ఎన్ని రంగులు మారుతుందో లెక్కపెట్టాలి.

"ఆ పాత సామాను పారేస్తే పోలా?" అన్నాడు మొగుడు, కిటికీ దగ్గర పేపరు వెనకనుంచి. "కొత్తది కొనుక్కుందాంలే."

"పారేస్తే సాక్ష్యం పారేసినట్టే."

"ఆడవాళ్ళ పంతాలు. వదిన మాత్రం ఏం కావాలని చేసిందా?"

ఈ మాట అతను నెల రోజుల్నుంచీ అంటున్నాడు. మెషిన్ వెనక్కి వచ్చిన మర్నాడే చెత్తబుట్ట పక్కన పెట్టేశాడు కూడా. ఆమె చూసి వెనక్కి తెచ్చుకుంది. మంచితనం అనుకుంది. వదినంటే మొదటినుంచీ గౌరవమే కదా అనుకుంది.

ముందు ఆవిరి వచ్చే మెషిన్ ముక్కు చూసింది. పిన్నీసు పెడితే సగంలో ఆగిపోయింది. గొట్టం ఊదింది. గాలి ఆడుతోంది. అంటే అసలు రోగం నీళ్ళు కాగే బాయిలరులో ఉంది. ప్లగ్గు నిన్ననే పీకి ఉంచింది కాబట్టి చల్లగానే ఉంది. అడుగు పళ్ళెం తీసి టార్చి వేస్తే లోపలి గోడలకి తెల్లటి పెచ్చు, గోరంత మందం. ఆమెకి లోపల్నుంచి ఒక సంతోషం పొంగింది. చెక్క గరిటె కాడతో మెల్లగా పెకలిస్తే రూపాయి బిళ్ళంత పెచ్చులు రెండు ఊడి చేతిలో పడ్డాయి.

"దొరికావమ్మా" అంది, పెద్దకోడలు ఎదురుగా ఉన్నట్టే.

మిగిలింది కరగడానికి గోరువెచ్చని నీళ్ళలో నిమ్మఉప్పు కలిపి పోసి, అరగంట ఆగాలని కూర్చుంది. చేతిలో పని లేక ఒక పెచ్చుని ఇటూ అటూ తిప్పింది. తిప్పితే అడుగున ఇంకో పొర కనిపించింది. కాగితమంత పల్చన, మాడిన గులాబీరంగు.

ఆమె చెయ్యి ఆగింది. చెమ్చాడు వేడినీళ్ళలో ఆ పెచ్చు వేసి ముక్కు దగ్గర పెట్టుకుంది. గులాబీ వాసన. నేల తుడిచే మందు వాసన. స్నానాలగది మూలన ఉన్న సీసాదే, మొగుడు ఏరికోరి కొనుక్కొచ్చేదే. పెద్దకోడలి ఇంట్లో అలాంటివి ఉండవు. సెంటు వాసన తగిలితే చాలు ఆవిడ వరసగా ఏడు తుమ్ములు తుమ్ముతుంది.

కొత్తగా పనిలో చేరిన పిల్లలకి చిన్నకోడలు మొదటిరోజే చెప్పే పాఠం ఒకటుంది. గోడకి ఆనుకున్న పొర ముందు పట్టింది, దానిమీద ఉన్నది తర్వాత పట్టింది, మధ్యలో ఎవరు ఎన్ని చెప్పినా నమ్మొద్దు. గులాబీ పొర గోడకి ఆనుకుని ఉంది. సున్నం దానిమీద ఉంది. అంటే మందు పోశాకే మెషిన్ పెద్దకోడలి ఇంటికి వెళ్ళింది. ఈ ఇంట్లో ఉండేది ఇద్దరు. అందులో ఒకరు తను.

అప్పుడు గుర్తొచ్చింది. మెషిన్ తీసుకెళ్ళిన వారంలోనే పెద్దకోడలు ఫోను చేసి, "ఏమే, సెంటు కొట్టి మరీ ఇచ్చావా? ఇల్లంతా తుమ్ములే" అంది. తను దాన్ని ఎత్తిపొడుపనుకుని ఫోను పెట్టేసింది. ఇంకోటి కూడా గుర్తొచ్చింది. పెద్దకోడలు అడగడానికి వచ్చినరోజు, తాగిన గ్లాసు కూడా సింకులో పెట్టని ఈ మహానుభావుడు, అటకెక్కి, మెషిన్‌ని స్వయంగా దించి, దుమ్ము తుడిచి, "కొత్తదానిలాగే ఉంది, తీసుకెళ్ళండి వదినా" అని కారు దాకా మోశాడు.

ఆమె పేపరు వైపు చూసింది. చాలాసేపట్నుంచి పేజీ తిరగలేదు.

"ఏమండీ."

"ఊఁ."

"రేపు దీన్ని అందరి ముందూ నడిపి చూపిస్తాను. మీరు నా పక్కనే ఉండాలి."

"ఎందుకే గొడవ? వదిన చిన్నబుచ్చుకుంటుంది."

"చిన్నబుచ్చుకోవలసినవాళ్ళు చిన్నబుచ్చుకుంటారు లెండి" అంది, మెత్తగా. ఆ మెత్తదనం అతనికి భయం వెయ్యాల్సింది. వెయ్యలేదు. హాయిగా వెళ్ళి కునుకు తీశాడు. ఆమె మాత్రం బాయిలరుని నాలుగుసార్లు కడిగి, ముక్కుని పిన్నీసుతో పొడిచి, మరలు బిగించి, శుభ్రమైన నీళ్ళు పోసి మీట నొక్కింది. తెల్లటి ఆవిరి తిన్నగా లేచింది. పొడిగా పక్కన ఉంచిన రెండో పెచ్చుని గాజు గిన్నెలో వేసి మూతపెట్టింది.

ఆదివారం భోజనాలయ్యాయి. బావగారు, అత్తగారు, పెద్దకోడలు, ఆ రోజు నవ్విన చుట్టాలు, అందరూ ఉన్నారు. మచ్చపడ్డ సోఫా గుడ్డ తెమ్మని ముందే చెప్పింది కాబట్టి పెద్దకోడలు సంచీలో తెచ్చి, యుద్ధానికి వచ్చినదానిలా ఒడిలో పెట్టుకుని కూర్చుంది. చిన్నకోడలు గిన్నె బల్ల మీద పెట్టింది.

"ఇదేనా నీ సాక్ష్యం?" అంది పెద్దకోడలు. "సరే, బోరునీళ్ళే పోశాను. ఉరెయ్యి."

"తిరగేసి చూడండక్కా."

పెద్దకోడలు పెచ్చుని తిరగేసింది, వంగి వాసన చూసింది. ఒకటి, రెండు, మూడు తుమ్ములు. నాలుగోది మధ్యలోనే ఆగిపోయింది. తల ఎత్తి మరిది వైపు చూసింది. ఆ మందు ఎవరి ముచ్చటో చుట్టాలందరికీ తెలుసు.

అతను తేలు కుట్టిన దొంగలా అయిపోయాడు. "ఇల్లంతా మంచి వాసన రావాలని..." అన్నాడు. "కొంచెమే పోశాను. పొగ వచ్చింది. నీకు చెబితే తిడతావని..."

"అందుకని మా ఇంటికి తోసేశావా?" అంది పెద్దకోడలు.

చిన్నకోడలు ఆమెకి ఎదురుగా నిలబడింది. ఈ భాగం నిన్నటి పథకంలో లేదు. రాత్రంతా దీన్ని తప్పించుకునే దారి వెతికింది, దొరకలేదు. "అక్కా, నెల రోజులుగా మీ పేరు చెప్పి నలుగురి చెవులూ కొరికాను. తప్పు నాది. అందరి దగ్గరా అన్నాను కాబట్టి అందరి ముందే అంటున్నాను."

పెద్దకోడలు ఆమె చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది.

అప్పుడు చిన్నకోడలు మొగుడి వైపు తిరిగింది. "మందు పోశారు, సరే. దాచారు, అదీ సరే. కాని ఆ రోజు అత్తయ్య 'కత్తులు కూడా ఇలాగే కడుగుతున్నావా' అని అడిగినప్పుడు మీరు నా పక్కనే కూర్చున్నారు. పెరుగన్నం కలుపుకుంటున్నారు. ఇప్పుడు చెప్పండి అత్తయ్యకి."

అతను నేల చూపులు చూస్తూ, "అమ్మా, అది దాని చేతి తప్పు కాదు. నాది" అన్నాడు.

"వినపడలేదు" అంది అత్తగారు. ఆవిడకి చెవులు బ్రహ్మాండంగా వినపడతాయి.

అతను మళ్ళీ చెప్పాడు, ఈసారి వీధిలోకి వినపడేలా. అత్తగారు కోడలి వైపు చూసి, "నోరు జారాను" అంది. ఆవిడ నోట ఆ మాట ఆ ఇంట్లో ఎవరూ అంతకుముందు వినలేదు.

చిన్నకోడలు సోఫా గుడ్డని నేల మీద పరిచి, మెషిన్ తెచ్చి మొగుడి పక్కన పెట్టింది. చుట్టాలందరూ చూస్తుండగా అతను మోకాళ్ళ మీద కూర్చుని, చెమటలు కక్కుతూ, గంటసేపు ఆవిరి పట్టాడు. తోడికోడళ్ళిద్దరూ టీ తాగుతూ "ఆ మూల వదిలేశావు మరిదీ", "ఇంకొంచెం కుడికి" అని దారి చూపించారు. మచ్చ మెల్లగా పల్చనయింది, ఆఖరికి కనపడకుండా పోయింది.

"అయిపోయింది" అన్నాడు అతను, నడుం పట్టుకుని లేవబోతూ.

చిన్నకోడలు టీ కప్పు కింద పెట్టింది.

"తిరగెయ్యండి" అంది. "అడుగున ఇంకా ఉంది."