జొన్న లేచిన వార్డు

మానుకోట మిషన్ దవాఖానలో పొద్దున్నే మొదటి పని వార్డు ఊడవడం. జ్వరం తలకెక్కినవాళ్లు ఏది పలవరిస్తే అది మంచం పక్కకు వచ్చి చేరేది. ఒకరికి మేకపిల్లలు, ఇంకొకరికి పెండ్లి పందిరి ఆకులు. ఆకులు ఎత్తిపోసి, మేకపిల్లల్ని పెరట్లోకి తోలి నర్సులు మందులు పంచేవారు. ఆ మేకపిల్లల్లో ఒకటో రెండో ఇంటికి తోలుకుపోయినవాళ్లూ లేకపోలేదు.

పలవరించేవాళ్ల చేతులు గుడ్డపేలికలతో మంచానికి కట్టడం పెద్ద నర్సు రాజమణి పద్ధతి. ఆమె చెడ్డది కాదు. ఒకప్పుడు ఓ రోగి కిటికీని ఇంటి గడప అనుకుని దాటబోయి, కిందపడి చచ్చిపోయాడు. ఆ భయం ఆమెను వదల్లేదు. చిన్న నర్సు ఎస్తేరుకు మాత్రం ఆ కట్లు నచ్చేవి కావు.

రజాకార్లు పోయి మిలిటరీ దిగిన ఏడు, నెల్లికుదురు దిక్కు తండా నుంచి ధర్మాను బండిలో తెచ్చారు. తొడలో తూటా గాయం, ఒళ్లు కాలిపోతోంది. చేతులు కట్టగానే మంచం చుట్టూ బూట్లు తిరగడం మొదలుపెట్టాయి. మనుషులు లేరు, ఉత్త బూట్లే. ధర్మా వణుకుతూ, భూమి కోసం పోరాడే సంఘంవాళ్లు దాక్కున్న చోట్లన్నీ చెప్పసాగాడు. అవి మిలిటరీ చెవిన పడితే ఎన్ని ఇళ్లు ఆరిపోతాయో నర్సులకు తెలుసు.

కట్లు విప్పుతానని ఎస్తేరు పట్టుబట్టింది. పడి చస్తే ఎవరిది పాపమని రాజమణి అడిగితే, నాదే అంది. విప్పి, ధర్మా చెయ్యి పట్టుకుని, ఈ ఏడు చేన్లో ఏం వేశావని అడిగింది.

"జొన్న," అన్నాడు ధర్మా.

బూట్లు ఆగిపోయాయి. గచ్చులోంచి మొలకలు లేచి, మధ్యాహ్నానికల్లా కంకులు దూలాలకు తగిలాయి. పక్క మంచాలవాళ్లు పిట్టలను తోలుతూ కూర్చున్నారు.

అప్పుడు నిజం బూట్లు వచ్చాయి. తూటా తగిలినవాడు ఏడని జమేదారు అడిగాడు. అబద్ధం చేతకాని రాజమణి చేను వైపు చూపించింది. జవాన్లు అందులోకి దిగారు. ఆకుల గరగర వినిపించడమే తప్ప వాళ్లకు మంచం కనిపించలేదు. కానీ ధర్మాకు చెమట పట్టి జ్వరం దిగుతోంది. వరస వెంట వరసగా జొన్న పలచబడుతోంది. జ్వరం తగ్గాలని ప్రార్థించిన నోటితోనే ఎస్తేరు, ఇంకాసేపు ఉంచు ప్రభువా అని వేడుకుంది. అలా వేడుకున్నందుకు ఏడుపొచ్చింది.

రాజమణి మంచం దగ్గరికి వచ్చి, వంగి ధర్మా చెవిలో అడిగింది. "మీ చేను ఎందాక ఉన్నది బిడ్డా?"

"అడివి దాక."

"చేన్ల కాలు నొస్తున్నదా?"

"నొస్తలేదు."

"అయితే లేచి నడువు."

ధర్మా లేచాడు. ఎస్తేరు చెయ్యి వదిలి, రెండు చేతులతో ఆకులు తప్పించుకుంటూ వెళ్లిపోయాడు. కాసేపటికి చివరి కంకి కూడా మాయమైంది. ఉత్త గచ్చు మీద దారి తప్పినవాళ్లలా జవాన్లు నిలబడ్డారు. మంచం ఖాళీ.

వాడెటు పోయాడని జమేదారు గద్దించాడు.

"చేనుకు పోయిండు," అని రాజమణి ఉన్నమాటే చెప్పింది.