మలుపు వస్తే ఒరిగే ఇంటివాళ్లు

ఒక మనిషి ఆకాశంలోంచి దిగాడని ఒప్పించడానికి అతని కూతురు నలభై పొట్లాల పులిహోర కట్టింది. అయినా ఒప్పుకోలేదు సంఘం.

ఆ కూతురు ఈరమ్మ. అరవై ఎనిమిదేళ్లు. ఆంగ్ మో కియోలో, తిండి కొట్లన్నీ ఒకేచోట ఉండే హాకర్ సెంటర్లో ఇడ్లీ కొట్టు ఆమెది. పుట్టిందీ పెరిగిందీ సింగపూర్లోనే. నాన్న అప్పయ్య యుద్ధం ముగిశాక పటాలంతో ఇక్కడికొచ్చి ఇక్కడే ఉండిపోయాడు. అంతకుముందు బర్మాలో ఆయన పని కంచరగాడిదలు తోలడం. రోడ్డు మీద కాదు, గాల్లో. గ్లైడరంటే ఇంజను లేని విమానం. ఇంకో విమానం దాన్ని తాడు కట్టి లాక్కెళ్లి, శత్రువు వెనక అడవి మీద వదిలేస్తుంది. ఆ తర్వాత గాలి, పైలట్ చెయ్యి, అంతే. అలాంటి దాంట్లో మూడు కంచరగాడిదల మధ్య నిలబడి దిగాడు అప్పయ్య.

తెలుగు సంఘం వాళ్లు ఏటా క్రాంజీ యుద్ధ స్మారకం దగ్గర పూలు పెడతారు. ఈ ఏడు గ్లైడర్ల వాళ్ల వంతు. పైలట్ల పేర్లు, వాళ్లతో దిగిన సైనికుల పేర్లు పైకి చదువుతారు. జాబితా కార్యదర్శి జగన్మోహనరావు చేతిలో ఉంది. బ్యాంకులో పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. సర్వీసు నంబరు లేని పేరు చదవనని ఆయన పంతం. నిరుడు ఎవరో తాత పేరు చదివిస్తే, ఆ తాత యుద్ధం జరిగినన్నాళ్లూ రాజమండ్రిలో మిఠాయి అమ్మాడని తేలింది. ఆయన భయం ఆయనది. కానీ అప్పయ్య కాగితాలు ఎప్పుడో వాళ్లుండే కంపోంగు, ఆ గుడిసెల పల్లె, కాలినప్పుడే బూడిదయ్యాయి. బూడిదకు నంబరెక్కడ తెస్తుంది ఈరమ్మ?

క్రాంజీ స్టేషన్ బయట బస్సు కోసం నిలబడినప్పుడు మళ్లీ అడిగింది. గాడిదలు తోలేవాళ్లు సైనికుల లెక్కలోకి వస్తారో రారో తెలియదని రావుగారు గొణిగాడు.

"గాడిదలు పైకెక్కినాయి కద సార్. తోలినోడు కిందే ఉండిపోయినాడా?"

నలుగురు నవ్వారు. రావుగారు నవ్వలేదు. నాన్న పేరు చదవకపోతే పులిహోర బస్సు దిగదని ఈరమ్మ తేల్చి చెప్పింది.

"అమ్మమ్మా, చాల్లే లా. అందరూ హంగ్రీ ఆల్రెడీ," అంది మనవరాలు నిఖిల, సింగపూర్ యాసలో.

బస్సు కిక్కిరిసింది. ఈరమ్మకు ఒక చేతిలో పులిహోర డబ్బా, నిఖిలకు రెండు చేతుల్లోనూ సంచులు. పట్టుకోవడానికి కమ్మీ అందలేదు. ఆ ఇంట్లో ఎవరూ కమ్మీ పట్టుకోరు కూడా. మలుపు వచ్చింది. ఈరమ్మ నాలుకతో మూడుసార్లు టక్కుమనిపించి, ఖాళీ చేతిని నిఖిల మెడ మీద వేసింది. ఇద్దరూ మలుపులోకి ఒరిగారు. బస్సులో ఉన్నవాళ్లంతా ఒకరి మీద ఒకరు పడుతుంటే వాళ్లిద్దరు మాత్రం నాటిన గుంజల్లా ఉన్నారు.

రెండో మలుపులో రావుగారు ఫైలుతో సహా ముందుకు తూలాడు. ఈరమ్మ పగా పంతమూ చూసుకోలేదు. ఆయన మెడ వెనక అరచెయ్యి వేసి టక్ టక్ టక్ అంది. ఆయన తనకు తెలియకుండానే ఒరిగాడు. పడలేదు.

ఆయన తలెత్తి ఆమె చేతి వైపు చూశాడు. "ఎవరు నేర్పారమ్మా ఇది?"

"ఇంకెవరు, నాన్నే. గాల్లో గాడిద బెదిరితే కాల్చేయమని తుపాకీ ఇచ్చినారంట. నాన్న కాల్చలే. మెడ మీద చెయ్యేసి, దాంతోపాటు ఒరిగినాడు. మమ్మల్ని కూడా అట్లనే పెంచినాడు, గాడిదల్లాగా."

రావుగారు అక్కడికక్కడే ఫైలు విప్పాడు. ఒక అమెరికన్ గ్లైడర్ పైలట్ డైరీలో పేజీలవి. ఆ పైలట్ మనవరాలు ముందురోజే పంపింది. సభలో చదువుదామని ఆయన తెలుగు చేసి పెట్టుకున్నాడు, ఎవరికీ చూపించలేదు. ఊగే బస్సులో నిలబడే చదివాడు:

"నా వెనక మూడు కంచరగాడిదలు, ఒక దక్షిణాది కుర్రవాడు. నేను మలుపు తిప్పే ముందే అతను నాలుకతో మూడుసార్లు చప్పుడు చేసేవాడు. జంతువు మెడ మీద చెయ్యేసి ఒరిగేవాడు. మూడూ ఒరిగేవి. ఆ రోజు గ్లైడర్ నేనొక్కణ్ణే నడపలేదు. దిగాక చేతులు కలిపాం. పేరు అడగలేదు. నా తప్పు."

ఈరమ్మ డబ్బా కింద పెట్టింది. కళ్లు తుడుచుకుని, వెంటనే పమిట దులుపుకుంది, ఏమీ జరగనట్టు.

రావుగారు నిజాయితీపరుడు, అదే ఆయనతో వచ్చిన చిక్కు. "ఇలా చేసినవాడు ఇంకొకడు కూడా ఉండొచ్చు కదమ్మా," అన్నాడు మెల్లగా.

"ఉండొచ్చు. ఉంటే వాడి పేరు కూడా చదవండి."

రావుగారు జాబితా తెరిచాడు. ఆయన పెన్ను తీశాడు.

క్రాంజీలో, విమానం రెక్కలా పరుచుకున్న స్మారకం కప్పు కింద, జగన్మోహనరావు పైలట్ పేరు చదివాడు. ఆ వెంటనే, "ఆయన వెనక నిలబడిన అప్పయ్య," అన్నాడు. నంబరు చదవాల్సిన చోట, "మలుపులో ఒరిగినవాడు," అన్నాడు. "ఎవరూ పేరడగని మిగతా వాళ్లంతా," అని కూడా చేర్చాడు. నిఖిల ముత్తాత కోసం పువ్వు పెట్టింది. ఈరమ్మ నమస్కారం పెట్టలేదు. నాలుకతో మూడుసార్లు టక్కుమనిపించింది.

పులిహోర ఒక్క మెతుకు మిగల్లేదు. రావుగారు రెండు పొట్లాలు తిన్నాడు.

తిరుగు బస్సు మలుపు దగ్గరికొచ్చేసరికి సంఘమంతా కమ్మీలు వదిలేసింది. ఒకరి మెడ మీద ఒకరు చేతులేసుకున్నారు. టక్కుమనిపించే పని రావుగారు తీసుకున్నాడు. ఆయనకు రెండే వచ్చాయి. మూడోది ఈరమ్మ కలిపింది. బస్సు తిరిగింది, అందరూ ఒరిగారు. డ్రైవరు అద్దంలో చూసి, ఈ మనుషులకు ఏమైందో తెలియక, తనూ కొంచెం ఒరిగాడు.