మూడో గ్లాసు

బూఅజ్జాను చంపింది మీరే. షెడ్డు గోడకు ఒక కన్నం కొట్టించడానికి పదకొండేళ్లుగా చేతులు రాని షెడ్డు యజమాని హాజీ మెక్కీ, నువ్వు. పొగ వీధిలోకొస్తే జరిమానా రాసి, అదే పొగ మనిషి రొమ్ములోకి పోతే పక్కకు చూసే మున్సిపాలిటీ పెద్దలు, మీరు. జబ్బు మీద నెట్టేయకండి. జబ్బుకు షట్టర్ దించడం రాదు.

ఆ మంగళవారం పొద్దున బూఅజ్జా టాక్సీ ఇంజన్ మీద వంగి, పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన డీజిల్ చిమ్మే ఒక్కో ఇంజెక్టర్ మీద ఆనించి, పిడిని చెవికి పెట్టుకొని వింటున్నాడు. యాభై ఎనిమిదేళ్లు. సన్నటి మనిషి. గోళ్ల సందుల్లో నలుపు సబ్బుతో పోయే దశ దాటిపోయింది. ఊపిరి తీసినప్పుడల్లా భుజాలు చెవుల దాకా లేచేవి. మొరాకోలోని ఈ ఖురీబ్గా ఊళ్లో ముప్పై రెండేళ్లుగా ఇదే షెడ్డు, ఇదే వంగడం.

చొక్కా జేబులో నాలుగు మడతలు పెట్టిన చీటీ. కాసాబ్లాంకా ఛాతీ ఆసుపత్రి, ఇవాళ మధ్యాహ్నం మూడు గంటలు. ఏడు నెలలు ఎదురుచూస్తే వచ్చిన పిలుపు. తప్పితే మళ్లీ వరస చివరికి.

తీసుకెళ్తానన్నది ఈ టాక్సీ నడిపే లర్బీయే. నిన్న టాక్సీ డాష్‌బోర్డు మీద ఇంజన్ దీపం వెలిగింది. ఎత్తు ఎక్కితే బండి గాడిదలా మొరాయిస్తోంది.

"స్కానర్ పెట్టి దీపం ఆర్పెయ్ మేస్త్రీ" అన్నాడు లర్బీ. "కాసా దాకా లాగుద్ది. ముందు సీట్లో ఇద్దర్ని కుక్కను. నీ ఒక్కడికే. రాజులా పోదువు."

"ఆర్పితే రోగం పోద్దా? వెనకాల నలుగురుంటారు. లారీని దాటేటప్పుడు ఇది చచ్చిందంటే రాజుతో పాటు మంత్రులూ పోతారు."

"అయితే వేరే బండెక్కు. స్టాండులో ఆరున్నాయి."

బూఅజ్జా మళ్లీ ఇంజన్ మీదికి వంగాడు. బానెట్ ఎత్తినవాడే దించాలి. ఆ వీధిలో మెకానిక్కుల వాడుక అది. తెరిచిన బండిని ఇంకొకడి చేతికి వదిలినవాడిని కుర్రకారు కూడా మేస్త్రీ అనరు. ఊపిరాడని మనిషికి ఈ పరువెందుకని మీరు అడగొచ్చు. ఆయన దగ్గర మీరు మిగిల్చింది అదొక్కటే.

డీజిల్ ఒత్తిడి తక్కువ అంది స్కానర్. స్కానర్ నొప్పి ఎక్కడో చెబుతుంది, ఎందుకో చెప్పదు. పక్క వీధివాళ్లయితే పంపు మార్చేవాళ్లు. బూఅజ్జా నాలుగు టీ గ్లాసులు తెచ్చాడు. పుదీనా టీ తాగే గ్లాసులే. ఒక్కో ఇంజెక్టర్ నుంచి తిరిగొచ్చే డీజిల్‌ను సన్న గొట్టంతో ఒక్కో గ్లాసులోకి దింపాడు. ఏ గ్లాసు ముందు నిండితే ఆ ఇంజెక్టర్ పాడైనట్టు. దానికి ఇంజన్ నడుస్తూ ఉండాలి.

అప్పుడే హాజీ మెక్కీ వచ్చాడు. "వీధి చివర జరిమానావాడు తిరుగుతున్నాడు. షట్టర్ దించండి."

"ఇంజన్ నడుస్తోంది హాజీ" అన్నాడు బూఅజ్జా.

"పది నిమిషాలేగా. ఇన్నేళ్ల నుంచి పీలుస్తున్నావు, ఇవాళ కొత్తా?"

"గోడకు కన్నం కొట్టించి గొట్టం పెడతానన్నావు."

"రంజాన్ కానీయ్."

ఏ రంజానో చెప్పలేదు. షట్టర్ దిగింది. లర్బీ బయటే ఉండిపోయాడు.

లోపల మూడో గ్లాసు అంచు దాకా నిండేసరికి మిగతావి మూడొంతులు ఖాళీగా ఉన్నాయి. బూఅజ్జా ఇంజన్ ఆపి, దగ్గి, గోడ పట్టుకొని నిలబడ్డాడు. షట్టర్ దాకా నడిచి దాన్ని ఎత్తే బలం ఉంటే ఎత్తేవాడు. ఆ బలాన్ని రెంచి మీద పెట్టాడు. మూడో ఇంజెక్టర్ ఊడదీసి, అలమరాలో దాచిన మంచిది బిగించాడు. కొత్తదాన్ని బండి గుర్తుపట్టేలా దాని నంబరు స్కానర్‌కు ఎక్కించాడు. సరిగ్గా కూర్చుందో లేదో చూడాలంటే మళ్లీ ఇంజన్ వెయ్యాలి. వేశాడు. ఈసారి ఖాళీ చేసి పెట్టిన నాలుగు గ్లాసులూ అక్కచెల్లెళ్లలా సమానంగా నిండాయి.

దీపం ఆరిపోయింది.

పన్నెండు దాటాక జరిమానావాడు వెళ్లిపోయాడు. లర్బీ షట్టర్ పైకి లాగాడు. పొగ వీధిలోకి దొర్లింది. ఎవరూ జరిమానా రాయలేదు.

"ఏం మేస్త్రీ, పెళ్లికూతురు ముస్తాబైందా? మూడింటికల్లా కాసాలో ఉండాలి."

బూఅజ్జా టైరు మీద కూర్చుని, వీపు గోడకు ఆనించి ఉన్నాడు. సరిగ్గా కన్నం కొట్టాల్సిన చోట. కళ్లు డాష్‌బోర్డు వైపు. లర్బీ భుజం మీద చెయ్యేశాడు. అప్పుడు ఇంజన్ ఆపేసి, తలపాగా తీసి ఆ మొహం మీద కప్పాడు. బానెట్ మాత్రం దించలేదు. అది ఎత్తినవాడిది.

సాయంత్రం హాజీ మెక్కీ వచ్చి కళ్లు తుడుచుకున్నాడు. రేపటికి ఇంకో మేస్త్రీ కావాలన్నాడు.

వినండి. ఇంకో మేస్త్రీ ఆ షెడ్డులో అడుగుపెట్టకూడదు. ముందు సుత్తి తీసుకురండి, ఆయన ఆనుకున్న చోటే గోడ పగలగొట్టండి, పొగ బయటికి పోయే గొట్టం పెట్టండి. రేపే. రంజాన్‌కు కాదు. అప్పటిదాకా మెకానిక్కులెవరూ ఆ బానెట్ దించకండి. దాని కింద వరసలో ఉన్న ఆ మూడో గ్లాసును ఎవరూ కడగకండి. ఇప్పటికీ అందులో డీజిల్ ఉంది, పలుచని టీ రంగులో, అంచు మీద ఆయన నల్లటి వేలిముద్రతో.