రోకలిబండల చీటీ

గిరిధర్ అనే మనిషి ఒక్క మాట చెప్పి ఉంటే మొగులయ్య చేను మొగులయ్యకే ఉండేది. హైదరాబాదులో బస్సెక్కి కొల్లాపూర్‌లో దిగాలి, ఆఫీసులో నిలబడి ఆ చీటీ తప్పని చెప్పాలి, మళ్ళీ బస్సెక్కి పోవాలి. అంతే పని. అది చేయలేదు. పురుగుల కోసం నలభై రోజులు గుట్టలెక్కిన వాడికి మనిషి కోసం ఒక్క రోజు దొరకలేదు. మొగులయ్య ఈ మాట పక్కన ఎవరు కూర్చుంటే వాళ్ళకు చెప్తాడు. తాను చేసింది కూడా దాచడు. దాచి లాభం లేదు, అది కాగితం మీదే ఉంది.

రెండువేల నాలుగు వానాకాలంలో వచ్చాడు గిరిధర్. ముప్పై ఏళ్ళుంటాయి, కళ్ళద్దాలు, సన్నటి మనిషి. నల్లమల గుట్టల్లో ఎన్ని రకాల రోకలిబండలున్నాయో, ఏ రకం ఎంత ఎత్తులో బతుకుతుందో రాసుకోవడానికి వచ్చానన్నాడు. ఊళ్ళో చాలామంది నమ్మలేదు. ముట్టుకుంటే చుట్ట చుట్టుకుని కంపుకొట్టే పురుగు కోసం అంత చదువుకున్నవాడు ఇంత దూరం వస్తాడా అని గుసగుసలాడారు. తుపాకులు పట్టుకుని అడవిలో తిరిగేవాళ్ళు ఒకవైపు, వాళ్ళను వెతికేవాళ్ళు ఇంకోవైపు ఉన్న రోజులవి. కొత్త మనిషి వెంట గుట్టెక్కాలంటే ఎవరైనా జంకేవారు.

మొగులయ్య ఒప్పుకున్నాడు. గుట్ట దారులు తెలుసు, ఆరో తరగతి దాకా చదివిన రాత ఉంది, ఆ ఏడు ఇంట్లో గింజలు తక్కువ. బావమరిది బాలయ్య మాత్రం ఊరుకోలేదు.

"బావా, పురుగులేరుడేంది? మా ఇంటెన్క పెంట మీద తట్టెడున్నయి. మీ సారును సంచి దెచ్చుకొమ్మను."

పని చూడటానికి తేలిక. కుళ్ళిన మొద్దులు పొర్లించాలి, ఆకుల తుక్కు జల్లెడ పట్టాలి, దొరికినవాటిని స్పిరిటు సీసాలో వేయాలి. చేతులకు వాటి పసుపు నీళ్ళంటి, తోలు ఇటుక రంగుకు తిరిగి, వారమైనా పోయేది కాదు. భార్య సత్యమ్మ ఆ చేత్తో అన్నం కలుపుకోనిచ్చేది కాదు, చెంచా ఇచ్చేది. మగ పురుగు దొరికితే సారుకు పండగ. మగదానికి ఏడో కణుపు కింద కాళ్ళుండాల్సిన చోట చిన్న కొక్కేలుంటాయి, వాటిని అద్దం కింద చూస్తేనే ఏ రకమో తేలుతుంది. ఆడవి ఎన్ని పట్టినా లెక్కకు రావు.

అన్నిటికంటే ముఖ్యం చీటీ. పురుగు దొరికిన చోట నుంచి మూడడుగులు కదలకముందే పెన్సిలుతో రాయాలి. తేదీ, చోటు, ఎన్ని దొరికాయి, చుట్టూ సాగు ఉందా లేదా. కింద రాసినవాడి సంతకం. ఒక చేతి మిషనుండేది. మీట నొక్కితే మనమెక్కడున్నామో అంకెల్లో చూపించేది. ఆ అంకెలు కూడా చీటీలో ఎక్కించాలి. రోజూ అవే అంకెలు, చివరి రెండు మూడు మాత్రం మారేవి. వాటిని పెద్దగా పట్టించుకోవాల్సిన పనిలేదని మొగులయ్యకు అనిపించింది.

సాగు సంగతి మాత్రం సారు రోజూ గుర్తుచేసేవాడు. ఆయన రాయబోయే పుస్తకం మనిషి దున్నని అడవిలో బతికే రకాల గురించి. చేలల్లో దొరికేవి అందులోకి రావు.

ముప్పై తొమ్మిదో రోజున గిరిధర్‌కు చలిజ్వరం పట్టుకుంది. కొల్లాపూర్ లాడ్జిలో దుప్పటి కప్పుకుని వణుకుతూ, దొంతిగుట్ట పైచోటు ఒక్కటే మిగిలిందనీ, మొగులయ్య ఒక్కడే పోయి తేవాలనీ చెప్పాడు. మిషను, సీసాలు, చీటీల పుస్తకం సంచిలో పెట్టి ఇచ్చాడు.

అంతకు నాలుగు రోజుల ముందే అదే దొంతిగుట్ట మీద ఊళ్ళో మేకలు కాసే భీమయ్యను ఎలుగుబంటి పట్టింది. తప్పిపోయిన మేకను వెతుక్కుంటూ పోయిన మనిషిని మంచం మీద మోసుకొచ్చారు. నెత్తి మీది తోలు ముందుకు జారి కన్ను కప్పేసింది. నాగర్‌కర్నూల్ దవాఖానకు పంపేటప్పుడు మంచానికి ఒక పక్క మొగులయ్యే పట్టుకున్నాడు. దారి పొడుగునా భీమయ్య అరవలేదు. నోట్లోంచి గాలి లోపలికీ బయటికీ పోతున్న చప్పుడొక్కటే వినిపించింది. ఆ చప్పుడు మొగులయ్య చెవిలో ఉండిపోయింది.

అయినా పోయాడు. తెల్లవారుజామున ఒక వాన పడి వెలిసింది. ఊరి చివర తన చేను, అది దాటితే అడవి. మొదటి వాగు దాటేదాకా గొడ్డలి కామ నిమురుకుంటూ, తనలో తాను ఏదో గొణుక్కుంటూ నడిచాడు. వాగు దాటాక గొణగడం మానేశాడు. తన గొంతు తనకే పరాయిగా వినిపించింది. పిట్టలు లేవు. చెట్ల నుంచి నీటి చుక్కలు ఆకుల మీద పడుతుంటే ఎవరో ఒక అడుగు వేసి ఆగి, ఇంకో అడుగు వేసినట్టుంది.

మలుపులో ఒక చెదల పుట్ట కనిపించింది. నడుము ఎత్తు పుట్ట, ఒక పక్క మొత్తం తవ్వేసి ఉంది. గోళ్ళ గీతలు మూడు వేళ్ళ లోతు. మొగులయ్య చూసింది గీతలను కాదు, బయటపడ్డ మన్నును. చుట్టూ నేలంతా తడిసి నల్లగా ఉంటే ఆ మన్ను పొడిగా, తెల్లగా ఉంది. వాన వెలిశాకే తవ్వింది. తవ్విన జంతువు ఎంతో దూరం పోయి ఉండదు.

వెదురు పొదలో కట్టె విరిగింది. విరిగిన తర్వాత గాలి పీల్చిన చప్పుడు, ఆ తర్వాత వదిలిన చప్పుడు. వెనక్కి తిరిగితే వెంటబడుతుందని చిన్నప్పుడు విన్నాడు. అందుకని మొగులయ్య ముఖం పొద వైపే పెట్టి వెనక్కి అడుగులేశాడు. ఇరవయ్యో, ముప్పయ్యో వేశాడు. ఒక రాయి తగిలి వెల్లకిలా పడ్డాడు. పడి లేచాక ఇంక ఏ మాటా గుర్తులేదు. పరుగు తీశాడు. వాగు ఎట్లా దాటాడో తెలియదు. తన చేను పైగట్టు మీద పడ్డాక గానీ ఆగలేదు. లుంగీ తడిసి ఉంది. వాగు నీళ్ళని తనకు తాను చెప్పుకున్నాడు.

అక్కడ చాలాసేపు కూర్చున్నాడు. ఉత్త చేతులతో పోతే సారు ఏమంటాడు? భయపడి ఉరికొచ్చినని చెప్పడమా? బాలయ్యకు తెలిస్తే ఏడాదంతా ఊరికి నవ్వులాట. పైచోటు లేకపోతే నలభై రోజుల పని పూర్తయినట్టు కాదని సారు అనడం కూడా గుర్తుకొచ్చింది.

గట్టు మీద కలుపు పెరికి వేసిన కుప్ప ఉంది. పక్కనున్న మద్దిచెట్ల ఆకులు రాలి, ఏళ్ళ తరబడి కుళ్ళి, కుప్ప మెత్తగా అయింది. చేత్తో కదిలించాడు. లోపల సన్నటి, ఊదారంగు రోకలిబండలు, కాళ్ళు మాత్రం పచ్చనివి. ఇన్ని రోజుల్లో అటువంటివి చూడలేదు. పదకొండు ఏరి సీసాలో వేశాడు. మూడడుగులు కదలకముందే రాయాలన్న మాట ప్రకారం అక్కడే మోకాళ్ళ మీద కూర్చుని మీట నొక్కి అంకెలు ఎక్కించాడు. చోటు దగ్గర 'దొంతిగుట్ట, అడవి' అని రాశాడు. అబద్ధం పూర్తిగా అబద్ధం కాదనిపించింది, చేను కూడా ఆ గుట్ట అడుగునే ఉంది కదా. మోకాలెత్తు జొన్న అతని వీపుకు తగులుతూ ఊగుతోంది. 'చుట్టూ సాగు' అన్న చోట 'లేదు' అని రాసి సంతకం పెట్టాడు.

ఆ పదకొండింట్లో నాలుగు మగవి. అద్దం కింద చూసిన గిరిధర్‌కు జ్వరం దిగిపోయినట్టయింది. ఇంతవరకు ఎవరూ రాసి పెట్టని రకం కావచ్చన్నాడు. మొగులయ్య చేయి పట్టుకుని ఊపాడు. ఆ చేయి వణకడం చూసి, నీకూ జ్వరం తగిలిందా అని అడిగాడు.

ఆ రోజు మొదలైన భయం వేరే రకం. ఎలుగుబంటి భయం గుట్ట మీదే ఉండిపోయింది. ఇది ఇంటికొచ్చింది. సారు మళ్ళీ వచ్చి ఆ చోటు చూపించమంటే? రెండు వానాకాలాలు గడిచాయి. మర్చిపోయాడులే అనుకుంటుండగా జాబొచ్చింది. పుస్తకం అచ్చుకు పోతోందట. ఆ చివరి చీటీ అంకెలు పటం మీద ఊరికి దగ్గరగా పడుతున్నాయట. అక్కడ నిజంగా సాగు లేదా, అనుమానముంటే ఒకసారి వచ్చి చూసి పోతానని రాశాడు.

వస్తే చేను చూస్తాడు. మొగులయ్య ఆ పొద్దే పోస్టుకార్డు కొని జవాబు రాశాడు. 'సారుకు నమస్కారం. మీరు రావలసిన పని లేదు. అక్కడ ఎప్పుడూ సాగు లేదు. మనిషి పోని అడవి. నేను నా కళ్ళతో చూసిన.' కార్డు డబ్బాలో పడ్డ చప్పుడు విన్నాక ఆ రాత్రి కంటినిండా నిద్రపోయాడు.

మరుసటి ఏడు హద్దుల కొలతలొచ్చాయి. అడవి శాఖవాళ్ళు, రెవిన్యూవాళ్ళు కలిసి గొలుసులు పట్టుకుని గుట్టల కింది చేలన్నీ కొలిచారు. మొగులయ్య చేను లావణి పట్టా. సర్కారు అతని తండ్రికి దున్నుకొమ్మని ఇచ్చిన భూమి, దున్నకుండా పడావు పెడితే సర్కారే వెనక్కి తీసుకోవచ్చు. అతనికి ఉన్నది అదొక్కటే. ఏటా దున్నుతూనే ఉన్నాడు. కానీ ఏ ఏడు ఏ పంట వేశాడో ఊరి సాగు లెక్క రాసే పహాణీలో రాయించుకోవడానికి ఎన్నడూ పోలేదు. చేను కళ్ళ ముందు ఉండగా కాగితమెందుకు అనుకునే మనిషి. పహాణీలో ఆ గడులన్నీ ఖాళీ.

ఖాళీ లేని కాగితం ఒక్కటే దొరికింది. అడవిలో తిరగడానికి అనుమతి ఇచ్చినందుకు గిరిధర్ పుస్తకం అచ్చయ్యాక తన చీటీల నకళ్ళు, మొగులయ్య రాసిన కార్డు అడవి ఆఫీసుకు పంపాడు. వాటిలో చివరి చీటీ అంకెలు పట్టుకుని చూస్తే ఆ చోటు సరిగ్గా మొగులయ్య చేను గట్టు. సాగు లేని భూమికి పట్టా ఎందుకు రద్దు చేయకూడదో వచ్చి చెప్పమని నోటీసు వచ్చిన రోజు సత్యమ్మ దాన్ని అతని చేత రెండుసార్లు చదివించింది.

"నీ చేత్తోని నువ్వే రాసినవా?" అంది.

అతను తలూపాడు. ఆ పూట పొయ్యి వెలగలేదు.

కొల్లాపూర్ పోయి ఎస్టీడీ బూతు నుంచి గిరిధర్‌కు ఫోన్ చేశాడు. అంతా చెప్పాడు. ఎలుగు సంగతి, కుప్ప సంగతి, జొన్న సంగతి.

"నేను వస్తానని రాశాను కదా మొగులయ్యా, వద్దన్నది నువ్వే."

"తప్పయింది సార్. జర ఒక్కసారి వచ్చి చెప్పున్రి. మీరు చెప్తే ఇంటరు."

"ఏం చెప్పాలి? ఆ ఒక్క రకం మీదే నా పుస్తకం నిలబడింది. చేలో దొరికిందంటే మిగతా చీటీలు మాత్రం ఎవరు నమ్ముతారు?"

ఆలోచిస్తానని పెట్టేశాడు. తర్వాత ఎన్నిసార్లు చేసినా ఫోన్ ఎత్తలేదు.

విచారణ రోజున రెవిన్యూ ఆఫీసులో ఆఫీసరుగా ఒక మేడం కూర్చుంది. కసురుకోలేదు, కుర్చీలో కూర్చోమంది. ఆ మర్యాదకే మొగులయ్యకు చెమట పట్టింది. చీటీ నకలు, పోస్టుకార్డు పక్కపక్కన పెట్టి, రాత తనదేనా అని అడిగింది. తనదేనన్నాడు. బాలయ్య లేచి, మా బావ ఏటా జొన్న, ఆముదాలు ఏసిండు, నేనే నాగలి పట్టిన అని చెప్పాడు. మీరు ఆయనకు చుట్టమా అని ఆమె అడిగితే కూర్చున్నాడు.

మొగులయ్య ఉన్నదున్నట్టు చెప్పాడు. పొడి మన్ను సంగతి, వెనక్కి వేసిన అడుగుల సంగతి కూడా చెప్పాడు. మూలన ఉన్న గుమాస్తా నవ్వు ఆపుకోలేక బయటికి పోయాడు.

"ఎలుగుబంటికి భయపడి సొంత చేనును అడవి అని రాశారా?"

"రాసిన మేడం."

"కార్డు కూడా?"

"అది సారుకు భయపడి రాసిన."

ఆమె కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. "రెండుసార్లు భయపడి అబద్ధం చెప్పానంటున్నారు. మరి ఈరోజు మీకు భయం లేదా?"

మొగులయ్య నోరు తెరిచాడు. ఉందనాలా, లేదనాలా తెలియలేదు. ఉందంటే ఈరోజు చెప్పింది కూడా భయంతో చెప్పిన మూడో అబద్ధమే అనుకుంటారు. లేదంటే అతని మొహం చూసి ఎవరూ నమ్మరు. ఆమె ఏదో రాసుకుని, తర్వాతి పేరు పిలవమంది.

ఇరవై రెండు రోజులకు ఆర్డరు వచ్చింది. బాలయ్య చదువుతానంటే ఇవ్వలేదు, గడప మీద కూర్చుని మొగులయ్యే చదువుకున్నాడు. పట్టాదారు తన రాతతోనే సాగు లేదని ఒప్పుకున్నందున లావణి పట్టా రద్దు చేయడమైనది, భూమి అడవి హద్దులో కలపడమైనది అని ఉంది. చివర విస్తీర్ణం రాశారు. అక్కడ ఒక గుంట కూడా తప్పు పోలేదు. సర్వే నంబరు నూట నలభై రెండు బై ఆరు, రెండెకరాల ఇరవై ఏడు గుంటలు.