రిబేటు పోయిన రోజు

తమ్ముడు కొట్లోకి వస్తూనే బావ కాలరు పట్టుకుని కుర్చీలోంచి పైకి లేపాడు. ఏమైందని అడిగే వ్యవధి కూడా ఇవ్వకుండా మూతి మీద ఒక్క గుద్దు గుద్దాడు. కుర్చీ వెల్లకిలా పడింది. కళ్ళజోడు ఎగిరి ఎటో పోయింది. పెదవి చిట్లి నెత్తురు గడ్డం మీదికి కారింది.

కౌంటరు దగ్గర బిల్లు రాస్తున్న ఆమె పెన్ను చేతిలో పట్టుకునే కొయ్యబారిపోయింది. కొట్టినవాడు తోడబుట్టినవాడు. దెబ్బ తిన్నవాడు కట్టుకున్నవాడు.

ఆ వీధిలో ఆమెను అందరూ కౌంటరక్క అంటారు. బిల్లులూ బేరాలూ ఆమె చేతిమీదుగానే నడుస్తాయి. అది అద్దాల కొట్టు. కిటికీలకీ అలమరాలకీ కొలత ప్రకారం అద్దం కోసి ఇస్తారు. కోసేది తమ్ముడు. ఆర్డర్లు పట్టుకొచ్చేదీ, పన్నుల వ్యవహారం చూసేదీ భర్త. వాటాలు ఇద్దరివీ సగం సగం.

"ఒరేయ్, నీకేమైనా పిచ్చి పట్టిందా?" అని ఆమె అరిచింది.

"పిచ్చి నాక్కాదక్కా, నీ మొగుడికి. రిబేటు ఏమైందో అడుగు!"

ఆ రిబేటు కోసం ఇంటిల్లిపాదీ ఏడాదంతా కళ్ళల్లో ఒత్తులు వేసుకుని చూశారు. అమ్మకపు పన్ను రిటర్ను నెలనెలా గడువులోగా వేసే చిన్న వ్యాపారులకి, కట్టిన పన్నులో కొంత ఏడాది చివర వెనక్కి ఇస్తారు. ఆ డబ్బుతో అద్దాన్ని కాల్చి గట్టిపరిచే ఫర్నేసు కొనాలని తమ్ముడి ఆశ. అది ఉంటే షాపుల ముందు తలుపులకీ మేడల మెట్లకీ పెట్టే గట్టి అద్దాలు తామే చేయొచ్చు. డబ్బెప్పుడు వస్తుందో కనుక్కుందామని అతను ఆ ఉదయం పన్నుల ఆఫీసుకు వెళ్ళాడు. గుమాస్తా కంప్యూటరు చూసి, మీ దరఖాస్తు ఎప్పుడో కొట్టేశారు పొమ్మన్నాడు.

భర్త బల్ల పట్టుకుని లేచాడు. "ఆలస్యమైన మాట నిజమే. ఫైను కట్టేశాను కదరా! ఇంకేంటి గొడవ?"

"ఫైను కడితే ఆలస్యం మాఫీ అవుతుంది గానీ రిబేటు రాదు బావా. ఏడాదిలో ఏ ఒక్క నెల గడువు దాటినా ఆ ఏడాది మొత్తానికీ అర్హత పోతుంది. నువ్వు ఏకంగా మూడు నెలలు దాటించావు. ఆడిటరు నీకు మొదట్లోనే చెప్పాడట!"

ఆమె భర్త వైపు తిరిగింది. ప్రతి నెలా లెక్కలు కూడి, గడువుకు ముందే ఆయన చేతిలో పెట్టింది తనే. వేశారా అని అడిగితే, వేస్తాలే, నస పెట్టకు అనేవాడు.

"ఆడిటరు చెప్పాడా మీకు?"

"చెప్పాడు. మరీ అంత పట్టుబడతారనుకోలేదు. పన్నుకని తీసిపెట్టిన డబ్బు సరుకులో పడింది. చేతికి రాగానే వేశాను." అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. నెత్తురు ఉమ్మేసి ఇంకో మాట అన్నాడు. "అయినా అద్దాలు కోసుకునేవాడివి, నన్ను నిలదీసే మొనగాడివయ్యావేంట్రా?"

తమ్ముడు మళ్ళీ మీద పడ్డాడు. ఈసారి భర్త సిద్ధంగా ఉన్నాడు. కోత బల్ల మీద ఉన్న అద్దం విరిచే పటకారు అందుకుని ఎదుటివాడి నుదుటి మీద మోదాడు. కనుబొమ్మ తెగింది. కంట్లోకి నెత్తురు దిగి కనబడకపోయినా తమ్ముడు పట్టు విడవలేదు. ఇద్దరూ ఒకరి గొంతు ఒకరు పట్టుకుని, రొప్పుతూ, బూతులు తిట్టుకుంటూ బల్ల చుట్టూ ఈడ్చుకున్నారు. ఇన్నేళ్ళూ ఒకే బల్ల మీద అన్నం తిన్నవాళ్ళు.

"వదలండి! చచ్చిపోతారు, వదలండి!" ఆమె గోడకు ఆనించిన పొడుగాటి చెక్క స్కేలు తీసుకుని తమ్ముడి వీపు మీద కొట్టింది. భర్త భుజం మీద కొట్టింది. ఎవరికి తగులుతోందో చూడకుండా బాదింది. స్కేలు రెండుగా విరిగింది.

అప్పుడే తమ్ముడు రెండు చేతులతో బావను బలమంతా పెట్టి తోశాడు. ఆయన వెనక్కి తూలి పెద్ద అద్దాలు నిలబెట్టిన స్టాండుకు గుద్దుకున్నాడు. అన్నింటికంటే ముందున్న నిలువెత్తు అద్దం మెల్లగా ముందుకు ఒరిగింది. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

ఆ చప్పుడుకి వీధంతా ఉలిక్కిపడింది.

ముక్కల మధ్య భర్త కూర్చుండిపోయి ఉన్నాడు. ముంజేయి మోచేతి దాకా తెరుచుకుంది. నెత్తురు చిమ్మి చిమ్మి పడుతోంది. తమ్ముడు నిలబడ్డచోటే రాయిలా నిలబడ్డాడు.

"చూస్తావేంట్రా! ఇక్కడ నొక్కు!" ఆమె అద్దాలు కట్టే పట్టీ ఒకటి లాగి మోచేతి పైన చుట్టింది. విరిగిన స్కేలు ముక్క దూర్చి బిగుతుగా మెలిపెట్టింది. తమ్ముడు మోకాళ్ళ మీద కూలబడి గాయం మీద రెండు అరచేతులూ అదిమాడు. పక్క కొట్టు టైర్లాయన వ్యాను తెచ్చాడు.

దారంతా భర్త గొణుగుతూనే ఉన్నాడు. "నేను చస్తే నీ పీడ విరగడవుతుంది కదరా..."

"నోరు మూసుకో బావా. నువ్వు కదిలినప్పుడల్లా నెత్తురు పోతోంది." తమ్ముడు ఏడుస్తున్నాడు, చేతులు మాత్రం తీయలేదు. ఆసుపత్రిలో నర్సు వచ్చి విడదీయాల్సి వచ్చింది.

ప్రాణం దక్కింది. నరాలు తెగినందున రెండు వేళ్ళు ఇక వంగవని డాక్టరు చెప్పాడు.

పోలీసులు వస్తున్నారని తెలిసి భర్త ఆమెను దగ్గరికి పిలిచాడు. "చంపడానికే వచ్చాడని చెప్పు." బయట వరండాలో నుదుటికి కుట్లు వేయించుకున్న తమ్ముడు ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "పటకారు ఎత్తింది ఆయనేనని చెప్పక్కా."

ఆమె అంతా వరసగా చెప్పింది. మొదటి గుద్దు ఎవరిదో, పటకారు ఎవరిదో, తోసింది ఎవరో. తను స్కేలుతో బాదిన సంగతి కూడా దాచలేదు.

"ఇంతకీ ఎవరి మీద కేసు రాయమంటావమ్మా?" అని ఇన్‌స్పెక్టరు విసుక్కున్నాడు.

"జరిగింది రాసుకోండి సార్. ఎవరి మీద అన్నది మీరే చూసుకోండి."

పటకారుతో కొట్టినందుకు భర్తకు జరిమానా పడింది. తమ్ముడికి కొన్ని నెలల జైలు పడింది. ఇద్దరూ ఆమెనే తిట్టుకున్నారు. ఆమె ఒంటరిగా కొట్టు తెరిచి, కూలికి ఒక మనిషిని పెట్టి పని నడిపింది. ఒక ఉదయం భర్తకు చొక్కా గుండీలు పెడుతూ, "పన్నుల పాస్‌వర్డు చెప్పండి" అంది.

"నా మీద నమ్మకం లేదా?"

"లేదు."

ఆయన గోడవైపు తిరిగి చెప్పాడు. అప్పటినుంచి రిటర్ను ఏ నెలా గడువు దాటలేదు.

తమ్ముడు విడుదలైన రోజు ఆమె జైలు గేటు దగ్గర నిలబడింది. అతను చిక్కి సగమయ్యాడు. దగ్గరికి వస్తూనే, "బావ చెయ్యి ఎలా ఉందక్కా?" అన్నాడు.

ఆమె అతని చెంప చెళ్ళుమనిపించింది. గేటు దగ్గర కాపలావాడు ఇటు తిరిగి చూశాడు. తమ్ముడు చెంప తడుముకోలేదు.

"కొట్టుకు నడు" అంది ఆమె.

"ఆయన రానిస్తాడా?"

"ఆయన ఒంటి చేత్తో అద్దం ఎత్తలేడు. నాకు కోయడం రాదు, కూలివాడి కోత కుదరడం లేదు. రానివ్వక ఏం చేస్తాడు?"

గుమ్మంలో తమ్ముణ్ణి చూడగానే భర్త చప్పున లేచాడు. ఆయన ప్రమేయం లేకుండానే మచ్చలు పడ్డ చెయ్యి మొహానికి అడ్డంగా లేచింది. తమ్ముడు బయటే ఆగిపోయాడు. ఆమె ఇద్దరి మధ్యా నిలబడింది.

చాలాసేపటికి ఆ చెయ్యి కిందికి దిగింది.

"ఆ కిటికీ ఆర్డరు ఆగిపోయి ఉంది" అన్నాడు భర్త, తమ్ముడి మొహంకేసి చూడకుండా. "కొలతలు తప్పుగా రాసుకున్నారేమో, ఒకసారి చూడు."